ఇంటి కంప్యూటరునకు వైఫై అందనప్పుడు

దరఖాస్తుల గడువు ముగియు దినముననే వైఫై నిలిచిపోయినచో విద్యార్థి ఇంట కలుగు కలవరము మనమెఱుగనిది కాదు. కంప్యూటరు చెడినదని తొందరపడరాదు. తొలుత సెల్‌ఫోనులో మొబైల్ డేటాను ఆపి, అదే వైఫైకి కలిపి చూడవలెను. డేటాను ఆపనిచో ఈ పరీక్ష వ్యర్థము. ఫోను పనిచేసినచో లోపము కంప్యూటరునందే కలదు. దాని ఐ.పి. చిరునామా 169.254తో ఆరంభమగుచున్నచో, రౌటరు నుండి చిరునామా లభింపలేదని గ్రహించి, వైఫైని ఆపి మరల కలుపవలెను.

ఫోనుకును అందనిచో ఫైబరు పెట్టెపై ఎల్.ఓ.ఎస్. దీపమును చూడుడు. అది ఎఱ్ఱగా వెలుగుచున్నచో తీగ ద్వారా సంకేతము వచ్చుటలేదు. కేబుల్ ఆపరేటరుకు తెలుపవలెను.

రౌటరును ఇనుప బీరువా చాటున దాచుట పెక్కు ఇండ్లలో చూచుచున్నాము. భద్రత కొఱకే కావచ్చును గాని, ఇనుము సంకేతమును అడ్డగించును. మందపు గోడలు దాటుటకు 5 గిగాహెర్ట్జు కంటె 2.4 గిగాహెర్ట్జు సంకేతమే మేలు.