నాన్నగారి బుల్లెట్టు, నా కొలతలు

మా నాన్నగారు ఆరడుగుల మనిషి. నేను అయిదడుగుల నాలుగంగుళాలు. ఆయన 1972లో కొన్న ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350ని ఆయన పోయాక షెడ్డులోంచి తీసి ఎక్కి కూర్చుంటే నా మడమలు నేలకి ఆనలేదు. హ్యాండిలు అందుకోవాలంటే నడుం వంచాల్సి వచ్చింది. దాన్ని నాకు సరిపడేలా చేయించుకోవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

నాన్నగారు కాలవల శాఖలో ఓవర్సీరు. ధవళేశ్వరం నుంచి లాకుల వెంటా గట్ల వెంటా ఈ బండి మీదే తిరిగేవారు. 1986 ఆగస్టు వరదకి బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు బండి లంకలో మా మేనత్త గారింట్లో ఉండిపోయింది. నీళ్ళు తీశాక కడిగి, ఆయిలు మార్చి, మళ్ళీ నడిపారు. ఇన్నేళ్ళకి బండి పని పట్టిన మేస్త్రీ హెడ్‌లైటు విప్పితే వైర్ల వెనకనుంచి గుప్పెడు ఒండ్రు రాలింది. వేళ్ళ మధ్య నలిపితే పసుపంత మెత్తగా ఉంది. పారెయ్యడానికి మనసొప్పక సీసాలో పోసి దాచాను.

మొదట్లో నా మనసంతా కెఫే రేసర్ మీద ఉండేది. 1960లలో లండన్ కుర్రాళ్ళు ఏస్ కెఫే దగ్గర చేరి పందేలు వేసుకున్న బండ్లు అవి. పొట్టి హ్యాండిలు, ఒంటి సీటు, ట్యాంకు మీదికి వాలి కూర్చోవడం. ఆ ఫొటో పట్టుకెళ్ళి మేస్త్రీకి చూపించాను. ఆయన చూసి పక్కన పెట్టేశారు.

"మీరు రోజూ ఎక్కడెక్కడ తిరుగుతారో సెప్పండి ముందు మాస్టారూ. బొమ్మ సంగతి తర్వాత సూద్దాం."

చెప్పాను. పొద్దున్నే బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక బడికి. ఆదివారం కాలవగట్టున కడియం నర్సరీల వైపు. నెలకోసారి రావులపాలెం. ఎప్పుడూ నలభై దాటని వేగం, అడుగడుగునా స్పీడు బ్రేకర్లు. "అలాగైతే వాలి కూర్చుంటే సాయంత్రానికి మణికట్లు వాచిపోతాయండి" అన్నారు. ఆ మాటతో మా పని దారిలో పడింది.

నన్ను బండి మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. చేతులు ఎక్కడ సుఖంగా వాలితే అక్కడ ఉంచమన్నారు. పిడికిళ్ళు నిలిచిన చోట పక్క గోడ మీద సుద్దతో గుర్తు పెట్టి, సన్నటి ఇనుప కడ్డీని ఆ గుర్తుకి తగ్గట్టు వంచి చూసుకున్నారు. ఆ కొలతకే కొత్త హ్యాండిలు వేయించాం. సీటు ఎత్తు రెండంగుళాలు తగ్గించాం. అయితే నాకు అసలు మేలు చేసింది ఎత్తు తగ్గడం కాదు. సీటు ముందు భాగాన్ని సన్నగా కోయించడం. తొడలు దగ్గరికి వస్తే కాలు తిన్నగా కిందికి దిగుతుంది, మడమ ఆనుతుంది. పొట్టివాళ్ళెవరైనా బండి జోలికి వెళ్ళే ముందు కుషన్ పనివాడి దగ్గరికి వెళ్ళండి.

ఇంజను జోలికి పెద్దగా పోలేదు. సిలిండరు అరిగితే బోరింగ్ చేయించి కొత్త పిస్టను వేయించామంతే. ఈ ఇంజను బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టను పొడుగ్గా నడుస్తుంది కాబట్టి తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది, గట్టు దారికి అంతకన్నా ఏం కావాలి? ముందు స్ప్రాకెట్టు పదహారు పళ్ళదే ఉంచాం. పళ్ళు పెంచితే హైవే మీద ఇంజను నిదానంగా తిరుగుతుంది గానీ, గట్టెక్కేటప్పుడు ఆయాసపడుతుంది. సామాన్లకి ఇబ్బంది రాలేదు. ఇంగ్లండులో 1970 నాటికి ఆగిపోయిన బండి, 1955లో మద్రాసులో మొదలై తిరువొత్తియూరులో ఆగకుండా తయారవుతూనే వచ్చింది. దొరకని బుష్షులు ఇక్కడే లేతు మీద తిప్పించాం. 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలెట్టిన నాటినుంచి వర్క్‌షాపు ఉన్న ఊరు మాది. ఇనుము పని తెలిసిన చేతులకి కొదవ లేదు.

చట్టం సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకే చాసిస్ కోయనివ్వలేదు, నలుపు రంగు మార్చలేదు. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021 నుంచి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తున్నారు. దానికి బండి అసలు రూపంలో ఉండాలి, పైగా రోజువారీ తిప్పకూడదు. నాకు బడికి వెళ్ళే బండి కావాలి. అందుకని అయిదేళ్ళకోసారి మామూలు ఆర్‌సీయే రెన్యువల్ చేయించుకుంటున్నాను.

ట్యాంకు మీద బంగారు గీత దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. ఒక షాపులో స్టిక్కరు అంటించారు. ఆరు వారాలకే అంచులు లేచాయి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ఆ గీతలు చేత్తో గీసేవారని తెలిసి, లారీల మీద పేర్లు రాసే ఆర్టిస్టుని బతిమాలాను. ఆయన పొడుగు వెంట్రుకల కుంచె రంగులో ముంచి, చిటికెనవేలు ట్యాంకుకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో గీసేశారు. వంపు దగ్గర గీత వెంట్రుకవాసి లావెక్కింది. చెరిపేస్తానంటే నేనే వద్దన్నాను.

ఇప్పుడు తెల్లవారుజామున తాళం తిప్పి, కిక్కు మెల్లగా తొక్కుతూ ఆమ్మీటరు ముల్లు చూస్తాను. కాలికి బరువు తగలగానే డికంప్రెసర్ నొక్కి పిస్టను ఆ బరువు దాటేదాకా జరుపుతాను. ముల్లు మధ్యకి వచ్చాక లీవరు వదిలి, కిక్కు పైకి రానిచ్చి, ఒక్క దమ్ముతో తొక్కుతాను. బండి అందుకుంటుంది.

నాన్నగారి హ్యాండిలు, సీటు ఆయిలు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాను. నాలుగు బోల్టులు విప్పితే మళ్ళీ ఎక్కించేయొచ్చు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, ఇప్పటికే అయిదడుగుల పదకొండంగుళాలు.