సైగభాషల చుట్టరికము: ఆస్లానును, భారత సంకేతభాషయు

భాల్కి వంటి ఊరిలో బజారునకు పోయి వచ్చునంతలో కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగును చెవిని బడును. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడుగా చీలినపుడు, బీదరు జిల్లాలోని భాల్కి మున్నగు తాలూకాలు మైసూరు రాష్ట్రములో చేరినవి. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. ఇచ్చటి తెలుగు పిల్లలకు ఇంటి భాష వేరు, రాష్ట్రభాష వేరు. ఇట్టి చోట తెలుగింట బధిరశిశువు జన్మించినచో ఒక ప్రశ్న పుట్టును: ఆ బిడ్డ నేర్వవలసినవి తెలుగు సైగలా, కన్నడ సైగలా?

ప్రశ్న సహజమే గాని, దాని మూలమున ఒక పొరపాటు కలదు. సైగలనగా మనము పలుకు మాటలకు చేతులతో చేయు అనువాదమను తలంపే ఆ పొరపాటు. సంకేతభాషలు స్వతంత్రభాషలు. వాని చుట్టరికములు పలుకు భాషల చుట్టరికములను అనుసరింపవు. ఇందుకు ఆస్ట్రేలియా బధిరుల భాషయైన ఆస్లాను చక్కని తార్కాణము.

1860లో సిడ్నీలో థామస్ ప్యాటిసన్, మెల్బోర్నులో ఫ్రెడరిక్ రోజ్ బధిరులకు పాఠశాలలు నెలకొల్పిరి. మొదటివారు స్కాట్లండునుండి, రెండవవారు ఇంగ్లండునుండి వచ్చినవారు. ఇరువురును స్వయముగా బధిరులు. వారితోపాటు బ్రిటిషు సైగలు ఆ ఖండమునకు చేరి, క్రమముగా ఆస్లానుగా రూపొందినవి. 1875లో ఐర్లండు దేశపు క్రైస్తవసన్యాసినులు తమ పాఠశాల ద్వారా ఐరిషు సైగలను గూడ తెచ్చిరి. ఆస్లాను, బ్రిటిషు, న్యూజీలండు సంకేతభాషలు నేటికిని అక్కచెల్లెండ్రవలె ఉన్నవి. ఆస్లానునకు తొలి సమగ్రనిఘంటువును ట్రెవర్ జాన్‌స్టన్ 1989లో వెలువరించెను.

అమెరికా సంగతి వేరు. ఆ దేశీయులు పలుకునదియు ఆంగ్లమే. అయినను 1817లో హార్ట్‌ఫర్డు పాఠశాలకు గురువుగా వచ్చిన లారాన్ క్లెర్క్ పారిసునుండి వచ్చిన బధిరుడు. ఆయన తెచ్చిన ఫ్రెంచి సైగలు స్థానికసైగలతో కలిసి అమెరికా సంకేతభాష ఏర్పడినది. అక్షరములను చూపుటకు బ్రిటిషువారును ఆస్ట్రేలియావారును రెండు చేతులను వాడుదురు. అమెరికావారు ఒక్క చేతినే వాడుదురు. ఒకే ఆంగ్లము చదువు సిడ్నీ బధిరుడును న్యూయార్కు బధిరుడును ఒకరి సైగల నొకరు సులభముగా గ్రహింపలేరు. అనగా సంకేతభాషకు పుట్టినిల్లు చుట్టుపట్ల పలుకు భాష గాదు. బధిరులు కలిసి మెలగు పాఠశాల, సమాజము.

మన దేశమున బొంబాయిలో 1885లోను, కలకత్తాలో 1893లోను బధిరపాఠశాలలు వెలసినవి. భారత సంకేతభాషలో ఆంగ్లాక్షరములను రెండు చేతులతో చూపు పద్ధతి బ్రిటిషు సంబంధము గలదే. కాని అక్షరములు వేరు, భాష వేరు. పదములలో మన జీవనమే కానవచ్చును. స్త్రీ యనుటకు ముక్కుపుడక యుండు తావును వ్రేలితో తాకుదురు; పురుషుడనుటకు మీసమును చూపుదురు. ఆస్లానులో స్త్రీకి చెక్కిలిని, పురుషునకు గడ్డమును తాకుదురు.

వ్యాకరణమునందు పోలికలును భేదములును గలవు. తెలుగులో "ఇచ్చితిని" అన్నచో ఇచ్చినవాడెవడో క్రియాంతమే తెలుపును. ఈ సంకేతభాషలలో చేయి కదలు దిక్కే ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని చూపును. కనుబొమలు, తల యూపుట గూడ వ్యాకరణములో భాగములే. ప్రశ్నపదము ఆస్లానులో మొదట గాని, చివర గాని, రెండుచోట్ల గాని రావచ్చును. భారత సంకేతభాషలో చివరనే వచ్చును. "నీవు ఎక్కడికి పోవుచున్నావు" అని మనము అడుగుదానిని వారు "నీవు, పోవుట, ఎక్కడ" అను వరుసలో అడుగుదురు. ఈ వరుస తెలుగుదియు గాదు, కన్నడముదియు గాదు.

స్వయముగా బధిరుడైన మదన్ వాసిష్ఠయు, జేమ్స్ వుడ్‌వర్డును, కర్క్ విల్సనును ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు సైగలను పోల్చి 1978లో తమ పరిశోధనను ప్రకటించిరి. సైగలలో సుమారు నూటికి 75 పరస్పరసంబంధము గలవనియు, వ్యాకరణము ఒక్కటే యనియు వారు తేల్చిరి. పిదప ఉల్రికె జెషాన్ అను విదుషి పాకిస్థాను సైగలును ఈ భాషాపరిధిలోనివే యని నిరూపించెను. ఊరూర పదభేదములున్నను, రాష్ట్రపు ఎల్లలు ఈ భాషను ముక్కలు చేయలేదు.

కావున భాల్కి తెలుగింటి బిడ్డ తెలుగు సైగలా, కన్నడ సైగలా యని వెదకనక్కరలేదు. వెదకవలసినది కాలమును. బధిరశిశువులలో నూటికి 90మందికి పైగా వినగల తల్లిదండ్రులకే జన్మింతురు. ఆ ఇండ్లలో సైగ తెలిసినవారుండరు. మాట చెవిని బడక, సైగ కంటబడక తొలి యేండ్లు గడచిన బిడ్డకు ఏ భాషయు దక్కదు. ఆ లోటు పిమ్మట పూడ్చుట మిక్కిలి కష్టము. 1880లో మిలాను మహాసభ పాఠశాలలనుండి సైగలను వెలివేయ తీర్మానించి ఈ కీడును పెంచినది. ఆ తీర్మానములను 2010లో వాంకూవరు మహాసభ త్రోసిపుచ్చినది.

నేడు సాధనములు కొరవడలేదు. 2015లో ఢిల్లీలో నెలకొల్పబడిన భారత సంకేతభాషా పరిశోధన శిక్షణ కేంద్రము 2021 నాటికి 10,000 పదముల నిఘంటువును సిద్ధపరచినది. 2020 జాతీయ విద్యావిధానము ఈ భాషను దేశమంతట ప్రమాణీకరింపవలెననియు, స్థానికసైగలను గౌరవింపవలెననియు చెప్పినది. ఆస్ట్రేలియాకు వలసపోయిన తెలుగు కుటుంబమున బధిరశిశువు పెరిగినచో అచ్చట ఆస్లానును నేర్చును. ఇచ్చటి తాతయు అవ్వయు ఆ బిడ్డతో ముచ్చటింపదలచిన, వారు నేర్వవలసినదియు ఆస్లానే గాని మన దేశపు సైగలు గావు.

చుట్టును వేరు భాషలున్నను ఇంట తెలుగు నిలుపుకొనుట యెంత ముఖ్యమో భాల్కి తెలుగువారు బాగుగ నెరుగుదురు. బధిరశిశువు గల ఇంట ఆ బిడ్డయే అల్పసంఖ్యాకుడు. ఆ బిడ్డకొరకు తల్లియు, తండ్రియు, తోబుట్టువులును సైగభాషను నేర్చుట తెలుగును విడుచుట గాదు. తెలుగు చదువును వ్రాతను ఆ బిడ్డకు అందించుటకు గూడ అదియే తొలిమెట్టు.