పాత బండి - కొత్త ఇంజను

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గముపై మధిర యొక పట్టణము. అచ్చట నుండి ఈశాన్యముగా కొత్తగూడెము, భద్రాచలముల వైపు సాగినకొలది పొలములు తగ్గి అడవి ఎదురగును. మంచి రోడ్లు పడక పూర్వము ఇట్టి అడవి అంచు బాటలలో వాగులు దాటి, రాళ్లెక్కి పోగలిగిన బండి జీపు. పదిమందికి చోటున్న బండిపై ఇరువదిమంది వ్రేలాడుచు సంతకు పోవుటయు కద్దు.

జీపు పుట్టినిల్లు అమెరికా. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విల్లీస్, ఫోర్డు కంపెనీలు సైన్యము కొరకు ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. మనకు స్వాతంత్ర్యము వచ్చిన తొలి వత్సరములలోనే మహీంద్రా కంపెనీవారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట కారంభించిరి. యుద్ధకాలపు జీపులో 60 గుఱ్ఱముల బలము గల పెట్రోలు ఇంజను ఉండెడిది. అది గట్టిదే, కాని పెట్రోలును ధారాళముగా త్రాగెడిది. డీజిలు చవుకగా దొరకు దినములలో ఆ ఖర్చు ఎవరు భరింతురు? అందుచే అనేకులు పెట్రోలు ఇంజనును దింపి, డీజిలు ఇంజనును ఎక్కించుకొనిరి.

ఇది వినుటకు సులభము; చేయుట సులభము కాదు. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి లోనికి వచ్చును; విద్యుత్తు రవ్వ దానిని మండించును. జీపు పెట్రోలు ఇంజనులో ఆ మిశ్రమము సుమారు ఆరున్నర రెట్లు నొక్కబడును. డీజిలు ఇంజనులో రవ్వ లేదు. గాలిని ఇరువది రెట్ల వరకు నొక్కగా అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడికే డీజిలు మండును. అంత ఒత్తిడిని తట్టుకొనుటకు ఇంజను గోడలు మందముగా నుండవలెను. కనుక బరువు హెచ్చును, అదురు హెచ్చును. బరువునకు ముందరి స్ప్రింగులు క్రుంగును. కావున వానికి మరియొక పట్టీ చేర్చవలెను. అదురునకు బిగింపులు వదులగును. కావున ఇంజను క్రింద దళసరి రబ్బరు దిమ్మలు వేయవలెను. ఒక్క భాగమును మార్చినచో అది తన పొరుగు భాగములన్నిటిని కదిలించును. పనిమంతుడైన మేస్త్రీ ముందుగా ఈ లెక్క చూచుకొని, పిమ్మటనే స్పానరు పట్టును.

పాత బండికి ఇట్లు కొత్త ప్రాణము పోయు పని అమెరికాలో ఒక పెద్ద అభిమానవిద్యగా పెరిగినది. అట్లు తయారైన కారును ‘స్ట్రీట్ రాడ్’ అందురు. పందెపు బాటపై గాక, నంబరు పలకతో వీథులలో నడుపుటకై సిద్ధము చేసిన పాత కారు అని భావము. సాధారణముగా 1949కి పూర్వము తయారైన కార్లకే ఈ పేరు చెల్లును. 1970లో ఇల్లినాయి రాష్ట్రములోని పియోరియా నగరమున ఇట్టి కార్ల తొలి జాతీయ సమ్మేళనము జరిగెను.

ఈ విద్యకు మూలము 1932 నాటి ఫోర్డు కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజను అంతవరకు ధనికుల కార్లలోనే కానవచ్చెడిది. హెన్రీ ఫోర్డు దానిని సామాన్యుడు కొనగల కారులో పెట్టెను. దాని బలము 65 గుఱ్ఱములు. కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డు కార్లను చవుకగా కొని, మడ్డుగార్డులు ఊడదీసి బరువు తగ్గించి, ఎండిన సరస్సుల మైదానములలో వేగమును పరీక్షించుకొనెడివారు. 1955లో షెవర్లే కంపెనీ కొత్త ఇంజను నొకటి వెలువరించెను. తక్కువ బరువుతో 162 గుఱ్ఱముల బలము! పాత ఫోర్డు చట్రములో దానిని ఇమిడ్చిన వారి సంఖ్యకు లెక్క లేదు.

ఇచ్చటనే ప్రాణాపాయము పొంచియున్నది. వేగము రెట్టింపైనచో బండిలోని గతిశక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి కంటె 80 కిలోమీటర్ల వేగముతో పోవు బండిని ఆపుటకు బ్రేకులు నాలుగింతల పని చేయవలెను. 1932 నాటి ఫోర్డులో బ్రేకులను కడ్డీలు లాగెడివి. నాలుగు చక్రముల కడ్డీలు సమముగా బిగింపబడనిచో బండి ఒక ప్రక్కకు ఈడ్చుకొనిపోవును. ఫోర్డు కార్లకు నూనె ఒత్తిడితో పనిచేయు బ్రేకులు 1939 నాటి నమూనాలలో గాని రాలేదు. కాగా, ఇంజను మాత్రమే మార్చి బ్రేకులను విడిచినవాడు చావును కొని తెచ్చుకొన్నట్లే.

అందుచే నేటి స్ట్రీట్ రాడ్ నిర్మాతలు చక్రములకు డిస్కు బ్రేకులు బిగింతురు. పాత డ్రమ్ము బ్రేకు వేడెక్కినపుడు డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు పట్టీకి దూరమగును, పట్టు సడలును. డిస్కు గాలికి తెరచియుండును గనుక త్వరగా చల్లారును. చట్రమునకు అడ్డుకమ్ములు చేర్చి అతుకుదురు. 6 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులకు మార్తురు. సీటు బెల్టులు కట్టుదురు. త్రుప్పు తినిన రేకును కత్తిరించి కొత్త రేకు అతుకుటకే నెలలు పట్టును. రంగు వేయుట చివరి పని. చూచువారు మెచ్చునది మాత్రము ఆ రంగునే!

అయితే పాత వస్తువును కాపాడుటకు వేరొక మార్గము కూడ కలదు. హైదరాబాదులోని చౌమహల్లా భవనమున నిజాము ప్రభువుల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను దానిని చేయింప బూనెను గాని, 1911లో ఆయన మరణించుటచే అది ఏడవ నిజాము ఏలుబడిలో వచ్చి చేరెను. అట్టి బండిని బాగుచేయువారు ఒక మరను మార్చవలసి వచ్చినను పాత మర వంటిదానినే వెదకుదురు. దానిలో కొత్త ఇంజను పెట్టినచో అది బాగుగా నడువవచ్చును. కాని ఆ కాలపు పనివాండ్రు ఎట్లు ఆలోచించిరో చెప్పు సాక్ష్యము నశించును. వేలకొలది తయారైన ఫోర్డును కోయుట వేరు, రాజు కొరకు చేసిన ఒక్క బండిని కోయుట వేరు.

మన దేశపు చట్టము ఈ రెండవ మార్గమునకే మొగ్గుచూపును. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవాటికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఇంజను మార్చుటకు అధికారుల అనుమతి కావలెను. 2021లో వచ్చిన నియమముల ప్రకారము ఏబది యేండ్లు దాటి, మౌలిక రూపము చెడని బండ్లకు మాత్రమే ‘వింటేజి’ గుర్తింపు దొరకును. వాని నంబరు పలకపై ‘వీఏ’ అను అక్షరములుండును.

ఆ నియమము వచ్చిన పిదప జీపుల కథ తిరుగబడినది. డీజిలు ఇంజనుతో ఏండ్ల తరబడి సంతలకు జనమును మోసిన జీపునకు ఆ గుర్తింపు లేదు. గుర్తింపు కోరు యజమానులకు ఒకప్పుడు ఖర్చని దింపివేసిన ఆ పెట్రోలు ఇంజనులే నేడు కావలెను.