గుర్తు లేని రూపాయి

మొన్నటి వారము తొమ్మిదవ తరగతి బాలుడొకడు కాగితములో చుట్టిన రూపాయి బిళ్ళ నొకదానిని తెచ్చి మా బల్లపై నుంచెను. "అయ్యా, ఇందు సంవత్సరము క్రింద గుర్తేమియు లేదు. గుర్తు లేని నాణెము లక్షలు పలుకునట. నిజమేనా?" అని యడిగెను. వాని తండ్రి సెల్‌ఫోనులో నొక ప్రకటన చూచి ఫోను చేయగా, నాణెమును కొందుమని చెప్పి, ముందుగా నమోదు రుసుము క్రింద రెండువేల రూపాయలు పంపుడని యవతలివారు కోరిరట. ఆ సాయంకాలమే సొమ్ము పంపుటకు ఆయన సిద్ధముగా నుండెను. మేము ఆ బాలునికి చెప్పిన సమాధానము మరికొందరు తల్లిదండ్రులకును పనికివచ్చునని తలచి ఇచట వ్రాయుచున్నాము.

భారత ప్రభుత్వమునకు నాణెములు కొట్టు టంకశాలలు నాలుగు గలవు: ముంబయి, కోల్‌కత, హైదరాబాదు, నోయిడా. నాణెముపై సంవత్సరపు అంకెల క్రింద కన్పడు చిన్న గుర్తే అది ఏ టంకశాలలో పుట్టినదో తెలుపును. వజ్రాకారము ముంబయిది. ఐదు కోణముల నక్షత్రము హైదరాబాదుది. గుండ్రని చుక్క నోయిడాది. కోల్‌కత టంకశాలకు గుర్తే లేదు. గుర్తు లేకుండుటయే దాని గుర్తు! మన బాలుడు తెచ్చినది 1995 నాటి రూపాయి. అది కోల్‌కతలో పుట్టి, చేతులు మారి మారి మా ఎలవూరు చేరినది. అంతకు మించి దానిలో వింత యేమియు లేదు. మన నాణెములు కొన్ని విదేశములలో కూడ కొట్టబడినవి. 1988 నాటి అర్ధరూపాయిపై ఆంగ్లాక్షరము ‘సి’ కన్పడినచో అది కెనడా దేశమందలి ఒట్టావా టంకశాలది.

హైదరాబాదు టంకశాలను గూర్చి తెలుగు పిల్లలకు కొంత తెలిసియుండుట మంచిది. 1803లో నిజాము ప్రభువుల కాలమున అది ఆరంభమైనది. 1903లో సైఫాబాదుకు మారినది. 1950లో కేంద్ర ప్రభుత్వము దానిని తన స్వాధీనమునకు తీసికొన్నది. 1997 నుండి నగరపు అంచున నున్న చర్లపల్లిలో పని జరుగుచున్నది. మన అంగడులలో చిల్లర మార్చునపుడు నక్షత్రపు గుర్తు గల నాణెమును వెదకి చూడుడు, తరచుగనే దొరకును.

అయితే గుర్తు లేని నాణెము లక్షలు పలుకుననుట పూర్తిగా కల్ల కాదు. ఆ మాట పుట్టిన చోటు వేరు. దానిని తెలిసికొనుటకు ముందు టంకశాలలు అమ్ము నాణెముల కూర్పులను గూర్చి చెప్పవలెను.

అంగడిలో తిరుగుటకు గాక, సేకరించి దాచుకొనువారి కొరకు టంకశాలలు ఆ యా సంవత్సరపు నాణెములను ఒక పెట్టెలోనో అట్టలోనో అమర్చి ఎక్కువ వెలకు అమ్మును. వీనిలో రెండు తెగలు. ఒకటి చలామణిలోనికి పోని కొత్త నాణెముల కూర్పు. రెండవది ప్రూఫు కూర్పు. ప్రూఫు నాణెమునకు అచ్చును, బిళ్ళను కూడ ముందుగా నునుపు చేసి, ఒకసారి కాక మరల మరల అదిమి కొట్టుదురు. అందుచేత దాని నేల అద్దమువలె మెరయును. ముంబయి టంకశాల తన ప్రూఫు నాణెములపై వజ్రమునకు మారుగా ‘బి’ అను ఆంగ్లాక్షరము నుంచెడిది. 1996 నుండి ‘ఎం’ నుంచుచున్నది. 1971 మొదలు 1974 వరకు గల సంవత్సరములతో రూపాయి నాణెములు ఇట్టి ప్రూఫు కూర్పుల కొరకే కొట్టబడినవి. ఆ యేండ్ల రూపాయి అంగడి చిల్లరలో కన్పడకపోవుటకు కారణమిదియే.

ఇక అమెరికా ముచ్చట. అచట ప్రూఫు కూర్పులను శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల తయారుచేయును. దాని గుర్తు ‘ఎస్’. ఆ రోజులలో అచ్చులన్నియు ఫిలడెల్ఫియాలో తయారగుచుండెను. ఏ టంకశాలకు పంపవలసిన అచ్చుపై ఆ టంకశాల అక్షరమును ఒక పనివాడు సుత్తితో కొట్టి దించెడివాడు. ఎప్పుడో యొకనాడు చేయి మరచినది. ‘ఎస్’ లేని అచ్చు శాన్‌ఫ్రాన్సిస్కో చేరినది, ఎవరును గమనింపలేదు. 1968, 1970 సంవత్సరముల పది సెంట్ల నాణెములందును, 1971 నాటి ఐదు సెంట్ల నాణెమందును ఇట్లు జరిగినది. అన్నిటికంటె అరుదైనది 1975 నాటి పది సెంట్లది. ఆ యేట అమ్ముడుపోయిన ప్రూఫు కూర్పులు 28 లక్షలకు పైగా నుండగా, వానిలో ‘ఎస్’ లేని పది సెంట్ల నాణెములు నేటికి రెండు మాత్రమే బయటపడినవి. ఆ రెంటిలో నొకటి 2024లో వేలమున ఐదు లక్షల డాలర్లకు మించి పలికినది. అచట ప్రతి ప్రూఫు నాణెమునకును గుర్తుండుట నియమము గనుక, అది లేకపోవుట వింత అయినది. మన దేశమున గుర్తు లేకుండుట ఒక టంకశాల నియమమే. ఒక దేశపు లెక్కను మరియొక దేశపు నాణెమునకు కట్టి, ఎరుగని వారి ఆశపై వ్యాపారము చేయుచున్నారు.

ఇంగ్లండులో జరిగినది మరియొక రకము. అచటి రెండు పెన్నీల నాణెముపై 1971 నుండి 1981 వరకు ‘న్యూ పెన్స్’ అని యుండెను. 1982లో దానిని మార్చి ‘టూ పెన్స్’ అని చెక్కిరి. 1983లో ఈ నాణెము కూర్పుల కొరకే కొట్టబడినది. అయినను కొన్నిటిని పొరపాటున పాత అచ్చుతో కొట్టిరి. మరుసటి యేటి నాణెముపై పాత మాట! కూర్పులోని ప్రతి నాణెమును అక్షరము వెంట అక్షరము చదివిన వారికే అది దొరకినది. దస్తూరి దిద్దునట్లు నాణెమును చదువుట యనిన ఇదియే.

పై రెంటిలోను పొరపాటు అచ్చులోనే జరిగినది గాని నాణెము చేతికి వచ్చిన పిదప కాదు. ఇది చూపుట కష్టము కాదు. భూతద్దముతో చూచినపుడు, అచ్చులోనే లేని గుర్తున్న చోట నేల చుట్టునున్న నేలవలెనే నునుపుగా నుండును. ఆకురాయితో గీకివేసిన చోట గీతలు కన్పడును. అరిగిపోయినదైన, ప్రక్కనున్న అంకెలు కూడ అరిగియుండును. ఇంకొక మాట: పాత నాణెమును చింతపండుతో తోమి తళతళలాడించుట మన యిండ్లలో అలవాటు. పాత్రలకు అది మంచిదే. నాణెమునకు మాత్రము ఉన్న విలువ కూడ పోవును.

పాత నాణెములను, నోట్లను కొందుమనియు అమ్ముదుమనియు చెప్పి, రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని రుసుము, కమీషను, పన్ను అడుగువారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించినది. అట్టి వ్యవహారములతో తనకు సంబంధము లేదనియు, ఎవరికిని అట్టి అధికారము ఇయ్యలేదనియు చెప్పినది. మేము ఆ ప్రకటనను బాలుని తండ్రికి చదివి వినిపించితిమి. ఆయన కొంతసేపు మాటాడక, పిదప రెండువేలును మడచి జేబులో పెట్టుకొనెను.

ఈ చర్చ తరగతిలో సాగుచుండగా ఒక బాలిక, "నాణెముపై తెలుగక్షరములు ఏల లేవు?" అని యడిగెను. మంచి ప్రశ్న. నందమూరి తారక రామారావు శతజయంతికి హైదరాబాదు టంకశాల కొట్టిన నూరు రూపాయల నాణెము 2023 ఆగస్టు 28న విడుదలయినది. అదియు చలామణి కొరకు గాక సేకరించువారికి అమ్మిన నాణెమే. దానిపై ఆయన పేరు హిందీలో నున్నది. 2009లో అణ్ణాదురై శతజయంతి నాణెముపై ఆయన తమిళ సంతకము చెక్కబడినది.

కాని తెలుగు, తమిళములు రెండును ఒకే నాణెముపై నుండిన కాలమొకటి గలదు. చెన్నపట్టణపు టంకశాలలో 1807 తరువాతి యేండ్లలో తూర్పు ఇండియా కంపెనీవారు వెండి అర వరహాలను, కాలు వరహాలను కొట్టించిరి. ఒకవైపు దేవాలయ గోపురము; దాని చుట్టును ఆంగ్లము, పారసీకము. రెండవవైపు విష్ణుమూర్తి; చుట్టును తమిళము, తెలుగు. అంగడిలో ఎవరి భాషలో వారు విలువ చదువుకొనిరి. ఆ టంకశాల 1869లో మూతపడినది. మింట్ వీధి పేరును, తమిళులు దానిని తంగసాలై యని పిలుచు పిలుపును మాత్రము మిగిలినవి. ఆ తంగసాలై మన టంకశాలయే. వచ్చు సెలవులలో ఎలవూరు స్టేషనులో ఉదయపు బండి యెక్కి, పిల్లలను ఆ వీధికిని, ఎగ్మూరు మ్యూజియములోని నాణెముల విభాగమునకును తీసికొనిపోవ నెంచితిమి. రాదలచినవారు భూతద్దము వెంట తెచ్చుకొనవలెను.