గార్డు గారి ఇంట్లో అమ్మాయి కుక్క

తెనాలి: ముప్పై నాలుగేళ్లు రైళ్లకు పచ్చజెండా వూపిన చేతికి ఇప్పుడు కుక్క గొలుసు వచ్చింది. కాలువ పక్క వీధిలో వుండే ఈ రిటైర్డు గార్డు గారిని తెల్లవారుజామున అయిదున్నరకు కలవాలనుకునేవారు ఇంటికి వెళ్లి ప్రయోజనం లేదు. కాలువ గట్టు మీద వెతకాలి. ముందు జూలీ, వెనుక ఆయన. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం.

నిజానికి జూలీ ఆయన కుక్క కాదు, కూతురిది. ఆ అమ్మాయి నర్సు. హైదరాబాదులో పనిచేస్తున్నప్పుడు రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చి పెంచుకుంది. జర్మనీలో వుద్యోగం వచ్చి వెళుతూ, "ఆరు నెలలు చూడండి నాన్నా" అని కుక్కను, రెండు గిన్నెలను, ఒక టీకాల పుస్తకాన్ని అప్పగించి విమానం ఎక్కింది. అక్కడ కుక్కను రానిచ్చే అద్దె ఇల్లు దొరకడం ఆలస్యమైంది. ఆరు నెలలు ఏడాదిన్నర అయింది.

ఇంటావిడకు మడీ ఆచారం వున్నాయి. కుక్క వసారా దాటరాదన్నది ఆమె పెట్టిన షరతు. గార్డు గారికీ కుక్కలంటే ప్రేమేమీ లేదు. చిన్నప్పుడు వూళ్లో పిచ్చికుక్క కరిచిన కుర్రవాణ్ని గదిలో పెట్టి గొళ్లెం వేయడం చూశారాయన. నీళ్ల చెంబు చూస్తేనే వాడు వణికిపోయేవాడట. ఆ జ్ఞాపకంతో మొదటి వారం గిన్నెను కర్రతో ముందుకు నెట్టేవారు.

సాంబారన్నంతో మొదలు

జూలీకి తెలిసినవి ఇంగ్లీషు మాటలు. గార్డు గారికి ఇంగ్లీషు రాక కాదు, ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నది ఆయన నియమం. నెల తిరిగేసరికి జూలీయే "కూర్చోవే", "ఆగు" నేర్చుకుంది. ఈ విషయంలో మనవలకంటే కుక్కే నయమని ఆయన చమత్కారం.

తిండి దగ్గర మాత్రం నేర్చుకోవలసింది ఆయనే. ఇంట్లో మిగిలినది కుక్కకు వేయడం మనకు తరతరాల అలవాటు. సాంబారన్నం వేశారు. పండుగనాడు కిస్‌మిస్ వేసిన పరమాన్నం కూడా పెట్టబోతే, పక్క వీధి పశువుల డాక్టరు గారు చూసి ఆపారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ మూత్రపిండాలకు ముప్పు. చాక్లెట్ సరేసరి. పిల్లలు ముద్దుగా పెట్టే బిస్కెట్ల విషయంలోనూ కాస్త చూసుకోవాలి. ఇప్పుడు జూలీకి విడిగా ఒక గిన్నెలో అన్నం, వుడకబెట్టిన గుడ్డు, గుమ్మడికాయ ముక్కలు. ఆ గుడ్డు వుడికేది పెరట్లో వేరే పొయ్యి మీద. వండేది గార్డు గారు. పెళ్లయిన నలభై రెండేళ్లలో ఆయన పొయ్యి వెలిగించడం ఇదే మొదలని ఇంటావిడ సాక్ష్యం.

చిగుళ్లు చూడటం

నిరుడు వేసవిలో జూలీ రెండు రోజులు గిన్నె ముట్టలేదు. ఎండలకు అలా వుందనుకున్నారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి చల్లబడే దారి. మే నెలలో మందపాటి బొచ్చున్న జాతి కుక్క రొప్పుతూ మూలన పడుకుంటే అనుమానం రాకపోవడంలో వింత లేదు. మూడోనాడు లేవలేకపోయింది. కారు మాట్లాడుకుని గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లారు. చెవుల వెనుక, వేళ్ల సందుల్లో గోమార్లు. వాటివల్ల వచ్చిన జ్వరం అని రక్తపరీక్షలో తేలింది. ఇంకో రెండు రోజులు ఆగితే దక్కేది కాదన్నారు. నాలుగు వారాలు మాత్రలు వాడాలన్నారు.

అక్కడి డాక్టరు జూలీ పెదవి పైకెత్తి చిగుళ్లు చూపించారు. గులాబిరంగులో వుండవలసినవి సున్నం కొట్టిన గోడలా వున్నాయి. "రోజూ చూడండి. అది చెప్పలేదు, మీరే చూడాలి" అన్నారు.

సర్వీసులో వున్నంతకాలం నిమిషాలతో సహా రాసుకున్న మనిషి కదా. ఒక డైరీ పెట్టారు. ఉదయం చిగుళ్ల రంగు, తిన్నదీ లేనిదీ, మాత్ర వేసిన వేళ, దొరికిన గోమార్ల లెక్క. ఇరవై రోజులు ఇలా సాగాక ఒక పొద్దున వసారాలో కాఫీ గ్లాసు పెడుతూ ఇంటావిడ అన్న మాట ఇది: "కుక్క చిగుళ్లు రోజూ చూస్తున్నారు. ఈ నలభై రెండేళ్లలో నా మొహం ఎప్పుడైనా ఇలా చూశారా?"

ఆమె నవ్వుతూనే అన్నారు. ఆయన తలెత్తి చూశారు. ఆమె పెదవులు పాలిపోయి వున్నాయి. గ్లాసు పెట్టి లేస్తూ స్తంభం పట్టుకున్నారు. ఎప్పటినుంచి అని అడిగితే, సంక్రాంతినుంచీ కళ్లు తిరుగుతున్నాయన్నారు. మరి చెప్పలేదేం అంటే, మీరు అడగలేదుగా అన్నారు.

అదే రోజు పరీక్ష చేయిస్తే రక్తం ఏడు గ్రాములే వుంది. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు కడుపులో పుండు చేశాయి, లోపల రక్తం పోతున్నది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎందరు ఈ మాత్రలను పప్పుబెల్లాల్లా మింగుతున్నారో లెక్క లేదు. డాక్టరు చీటీ లేకుండా వాటి జోలికి పోకూడదు. ఇప్పుడు ఆమె కోలుకున్నారు. డైరీలో జూలీ పేరు పక్కన ఆమెకు కూడా ఒక గడి వుంది. అందులో రాయవలసింది ఆమె చూసి సరేనన్న తర్వాతే రాయాలట.

గోరు గీసుకుంటే

ఒకనాడు ఆడుకుంటున్న పక్కింటి కుర్రవాడి చేతిమీద జూలీ పన్ను గీసుకుంది. పిల్లవాడి నాయనమ్మ కారం, సున్నం తెచ్చారు. గార్డు గారు వద్దని, కుళాయి కింద సబ్బుతో గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగించారు. జూలీకి టీకాలు వున్నాయి. అయినా కుర్రవాణ్ని ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం చాలామందిలో ఇంకా పోలేదు. ఆ పాత రకం మందు మన దేశంలో 2005లోనే పోయింది. ఇప్పుడు వేసేది చేతికే. రేబిస్ లక్షణాలు పైకి వచ్చాక దాదాపు ఎవరూ బతకరు గనుక, ఈ సూదికి బద్ధకించరాదు.

జర్మనీ ప్రయాణం

ఇటీవల కూతురికి ఇల్లు దొరికింది. జూలీని పంపమంటోంది. యూరోపియన్ యూనియన్ దేశానికి మన దేశంనుంచి కుక్క వెళ్లాలంటే ముందు చర్మం కింద మైక్రోచిప్ పెట్టాలి. తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసి 30 రోజులైనా గడిచాక రక్తం తీసి, వాళ్లు గుర్తించిన లాబొరేటరీకి పంపాలి. ఫలితం బాగున్నా, రక్తం తీసిన రోజునుంచి మూడు నెలలు ఆగాలి. చిప్ పెట్టారు. టీకా అయింది. రక్తం కూడా వెళ్లింది.

వసారా దాటరాదని షరతు పెట్టిన ఇంటావిడ, పిల్లదాని కుక్క పిల్లదాని దగ్గరే వుండాలని ఇప్పుడు ఒకటే పట్టు. అయితే ఆ మాట అనే వేళకు జూలీ తల ఆమె పాదాలమీదే వుంటుంది. గార్డు గారు ఔననరు, కాదనరు. అక్కడి చలిని గురించి మాత్రం పేపర్లో చదివి వినిపిస్తుంటారు.

విమానంలో పంపే పెట్టెలో కుక్క నిలబడాలి, వెనక్కి తిరగాలి, పడుకోవాలి. ఆయన టేపు తెచ్చి ముక్కునుంచి తోక మొదలు దాకా, నేలనుంచి చెవి కొన దాకా కొలిచారు. కొలతలు డైరీలో రాసి వున్నాయి. వడ్రంగికి ఇంకా కబురు చేయలేదు.