సీసము – పలనాటి కొండలలోని బరువు లోహము

ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులకు ఒక చిన్న చిక్కు కలదు. ఉర్దూలో ‘సీసా’ అనిన లోహము. తెలుగులో ‘సీసా’ అనిన గాజుబుడ్డి. ఈ రెండవది పారశీకపు ‘షీషా’ నుండి మనకు సంక్రమించినది. మొదటిదానిని తెలుగున సీసము అందుము. సీసపద్యమునకును దీనికిని చుట్టరికము వెదకి శ్రమపడనక్కరలేదు. చెదరని ఐక్యతను సీసము పోసి బిగించిన గోడతో పోల్చుట ఉర్దూలో పరిపాటి. పూర్వులు కట్టడపు రాళ్లనడుమ ఇనుప కొక్కెములను అమర్చి, కరగిన సీసమును పోసి బిగించెడివారు. మేము భాష బోధించువారమైనను, ఈ లోహము మన సీమలోనే లభించినది కావున దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పల్నాడనగానే సున్నపురాయి, నాపరాయి మనకు స్ఫురించును. పిడుగురాళ్ల బట్టీలు, మాచర్ల బండలు ఎరుగనివారు లేరు. అయితే వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల, బండ్లమోటు పరిసరములలో రాగి, సీసము ఉన్న సంగతి మన విద్యార్థులలో పెక్కురకు తెలియదు. బండ్లమోటువద్ద డోలమైటు శిలలయందు గెలీనా అను సీసపు ఖనిజము దొరకినది. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున హిందూస్థాన్ జింక్ సంస్థ అచ్చట గని నడిపినది. ఆ గని ఇప్పుడు మూతబడినది. అగ్నిగుండాల అను పేరు వినగానే పూర్వకాలపు కొలుములు మనసున మెదలును గాని, పేరునుబట్టి చరిత్ర అల్లుట తగదు. శాతవాహనులు సీసపు నాణెములు ముద్రించిరనుట మాత్రము నిశ్చయము.

గెలీనా అనగా సీసము, గంధకము కలిసిన పదార్థము. నల్లని మెరుపుతో, ఘనాకారపు పలుకులుగా విరుగును. ఇందు నూటికి దాదాపు 87 పాళ్లు సీసమే. ఈ పోలిక గుర్తుంచుకొనవలెను; ముందు దీనితో పని కలదు.

సీసపు పరమాణు సంఖ్య 82. లాటిను భాషలో దీని పేరు ప్లంబం. అందువలననే దీని సంకేతము పీబీ. సాంద్రత 11.34. అనగా ఒక లీటరు పాత్రలో నీరు ఒక కిలో తూగిన, అదే పరిమాణముగల సీసము పదకొండు కిలోలకు పైగా తూగును. ఇనుము ఎనిమిది కిలోలకైన చేరదు. బంగారము 19.3 సాంద్రతతో దీనిని మించినదే, కాని సామాన్యుని చేతికి అందు బరువు సీసమే. ఇంత బరువైనను కడు మెత్తనిది. గోటితో గీసిన గీత పడును. 327 డిగ్రీలకే కరగును. కోసిన చోట వెండివలె తళతళలాడి, గాలి సోకగానే మసకబారును. గాలికి, గంధకికామ్లమునకు సులభముగా లొంగదు.

మెత్తదనము, సులభముగా కరగుట అను ఈ గుణములే మన విద్యకు మేలు చేసినవి. సీసమున కొంత తగరము, కొంత యాంటిమొనీ కలిపి పోతపోసిన అక్షరములతోనే చిరకాలము తెలుగు పుస్తకములు అచ్చుపడినవి. యాంటిమొనీ చేరిన అచ్చుకు గట్టితనము వచ్చును. చల్లారునపుడు అక్షరము కుంచించుకొనిపోదు. ఉర్దూ నస్తాలీఖు లిపి మాత్రము ఈ సీసపు అచ్చులకు లొంగలేదు. అందులకై కాతిబులు చేతితో వ్రాసినదానిని రాతి అచ్చున ముద్రించుచు వచ్చిరి. ఆ రాయియు మన పలనాటి బండవలె సున్నపురాయి జాతిదే! కంప్యూటరు వచ్చిన పిదప రెండు భాషలును ఒకే యంత్రమున ఒదిగినవి.

నేడు ప్రపంచమున సీసములో అత్యధిక భాగము బ్యాటరీలకే పోవుచున్నది. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటె సీసపు రేకులను ఆమ్లమున ముంచి, మరల మరల ఛార్జి చేయదగిన బ్యాటరీని నిర్మించెను. ఒక్కొక్క అర రెండు వోల్టుల విద్యుత్తు నిచ్చును. ఆరు అరలు చేరిన పన్నెండు. మన ట్రాక్టరు, మన ఇన్వర్టరు దీనిపైననే ఆధారపడినవి. ఎక్స్ రే కిరణములను అడ్డగించుటకు వైద్యశాలలో తొడుగు కవచమునందును సీసమే ఉండును.

ఇక దోషము. సీసము శరీరమున చేరిన, దేహము దానిని కాల్షియమని భ్రమించి ఎముకలలో దాచుకొనును. రక్తము పలుచబడును, పసివారి మెదడు పెరుగుదల దెబ్బతినును. పెద్దవారికంటె చిన్నపిల్లలు దీనిని నాలుగైదు రెట్లు అధికముగా గ్రహింతురు. ఇంతవరకు హానిలేదని చెప్పదగిన మోతాదేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పెట్రోలున సీసము కలుపుట మన దేశమున 2000లో ఆగినది. ప్రపంచమంతట ఆగుటకు 2021 రావలసివచ్చినది. పాత బ్యాటరీలను పగులగొట్టి ఇండ్ల నడుమ కరగించుట మాత్రము పలుచోట్ల ఆగలేదు. ఆ పొగ, ఆ బూడిద పిల్లల చేతులకంటి నోటికి చేరును.

మన ఇండ్లకు మరింత దగ్గరి విషయము సుర్మా. హదీసులలో ‘ఇస్మిద్’ ప్రసక్తి కలదు. దానికి యాంటిమొనీ ఖనిజమని అర్థము చెప్పుట వాడుక. కాని అంగడిలో సుర్మా పేరుతో అమ్ము నల్లని పొడులను పరీక్షించిన పలు సందర్భములలో అది గెలీనా అని, అనగా సీసమేనని తేలినది. రెండును నల్లగా మెరయునవే. కంటికి భేదము తెలియదు. పండుగనాడు తల్లులు ప్రేమతో పసికందు కన్నులకు దిద్దునది ఇదే. బిడ్డ కన్ను నులుముకొని ఆ వ్రేలు నోట పెట్టుకొనును. సున్నతును పాటించుటకును, పేరు తెలియని పొడిని కొనుటకును ముడిపెట్టనక్కరలేదని మా అభిప్రాయము.

దీనిని తేల్చుకొనుటకు పెద్ద ప్రయోగశాల అవసరము లేదు. చిటికెడు పొడిని సజల నత్రికామ్లముతో వేడిచేసి, వడగట్టి, ఆ ద్రవమున పొటాషియం క్రోమేటు చుక్కలు వేసిన, సీసము తగినంత ఉన్నచో పసుపుపచ్చని మడ్డి అడుగున నిలుచును. మన రసాయనశాఖలో, అధ్యాపకుల సమక్షమున ఇది ఒక పూట పని. కమిటీ పెద్దలు అనుమతించినచో, విద్యార్థులు తమ తమ ఇండ్లలోని సుర్మా పొట్లములు తెచ్చి రాబోవు రంజానునకు ముందే ఈ పరీక్ష జరిపింపవచ్చును.