దానంతటదే మొలిచిన సొరపాదు: కూర వండే ముందు ఒక్క ముక్క రుచి చూడండి

రోహిణి కార్తెలో మా పెరటి కోత వీడియోలో చూశారు కదా. బచ్చలి, గోంగూర బాగా వచ్చాయి. టమాటా పూత వేడికి రాలింది, అది ఏటా ఉండేదే. విశేషమల్లా కంపోస్టు గుంత పక్కన దానంతటదే మొలిచిన సొరపాదు. లేత కాయలు, చూడముచ్చటగా ఉన్నాయి. గోరంత పచ్చి ముక్క నాలుక మీద పెడితే కటిక చేదు! వెంటనే ఉమ్మేశా. ఆ పాదు కాయలు పశువులకీ వేయలేదు, కంపోస్టులోకీ వేయలేదు. లోతుగా పూడ్చేశాం.

"పక్కన కాకరపాదు ఉంది, దాని చేదే పట్టింది" అంది మా అత్తమ్మ. కాదండి, కాకరకీ సొరకీ సంకరం జరగదు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది. చేదు సొర పుప్పొడి మంచి సొర పూతమీద పడితే ఆ కాయ రుచి మారదు. దాని గింజ మొలిచి కాసినప్పుడు చేదు బయటపడుతుంది. మంచి పాదులో కూడా ఎండ, నీటి ఎద్దడి వల్ల చేదు పెరగొచ్చు. అందుకే ఆచ్ఛాదన, క్రమం తప్పని తడి.

ఈ చేదు ఉడికించినా పోదు. చేదు సొర జ్యూస్ తాగి వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణాలు పోయినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. జ్యూస్ తాగేవాళ్ళు ప్రతి కాయా రుచి చూడాల్సిందే.

గింజ కట్టుకోవాలంటే ముందు ఆ పాదు కాయ తిని చూడండి. బాగుంటే, విచ్చబోయే ఆడమొగ్గకి మధ్యాహ్నమే గుడ్డ సంచి కట్టండి. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అదే పాదు మగపువ్వు అద్ది, మళ్ళీ సంచి కట్టేయండి.